చిక్కం విప్పిన నోళ్లు



ఈ ఉపన్యాస నిధికి డబ్బు కట్టిన కుటుంబం ఒక షరతు పెట్టింది. తమ తండ్రిగారి పేరు ఆహ్వానపత్రం మీద వేయకూడదని. ఆయన ముప్పై ఏళ్లకు పైగా పల్లెల్లో ఉపదేశిగా పనిచేశారు. పగలు బడి, పొద్దుగూకాక కీర్తనలు, ఆదివారం ఆరాధన, మధ్యలో ఎవరికైనా జ్వరమొస్తే ఆస్పత్రికి తోడు. అలాంటి ఉపదేశులు ఎందరో పేరు లేకుండా పోయారు కనుక ఈ స్మరణ వాళ్లందరిదీ అనుకోమన్నారు. నేనూ అలాగే అనుకుని మాట్లాడతాను.

నాకిచ్చిన అంశం పల్లె బతుకులో విశ్వాస పాఠాలు. నిజం చెప్పాలంటే ఈ అంశం వినగానే కొంచెం బెదిరాను. దీనిమీద మన ప్రసంగాలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. నాగలి కనబడితే పట్టుదల, చీమ కనబడితే కష్టం, దీపం కనబడితే సాక్ష్యం. పల్లెను బొమ్మల పెట్టెలా వాడుకుంటాం. ఒక బొమ్మ తీసి చూపించి పెట్టె మూసేస్తాం. ఆ నాగలి పట్టినవాడు ఆ వాక్యాన్ని ఎలా విన్నాడో అడగం. అడిగితే ఏమవుతుందో చెప్పడానికే ఈ సాయంత్రం నిలబడ్డాను.

మాది ఒంగోలు వైపు మెట్ట పల్లె. మా జేజి గొర్రు వెంట నడుస్తూ జడ్డిగంలో గింజ వదిలే మనిషి. పట్నం పిల్లల కోసం చెబుతున్నాను. గొర్రు మీద చెక్క గిన్నెలాగా ఉండేది జడ్డిగం. దాని అడుగున రంధ్రాలుంటాయి. వాటి నుంచి వెదురు గొట్టాలు నేలలోకి దిగే గొర్రుపళ్ల దాకా వస్తాయి. ఎద్దుల నడకకు సరిగ్గా పిడికిట్లోంచి గింజ జారుతూ ఉండాలి. చెయ్యి ఏమరితే ఆ పూట ఎవరికీ తెలియదు. మొలకొచ్చాక మాత్రం సాలులో ఖాళీ ఊరంతటికీ కనబడుతుంది. ఆ ఖాళీకి ఒక పేరు కూడా ఉంటుంది, ఫలానామె వదిలిన సాలు అని. మా జేజి పేరు ఏ ఖాళీకీ పెట్టలేదని మా నాయన చచ్చేదాకా గొప్పగా చెప్పుకునేవాడు.

ఒక ఆదివారం మా ఉపదేశి విత్తువాని ఉపమానం చెబుతున్నారు. దోవ పక్కన కొన్ని గింజలు, రాతినేల మీద కొన్ని, ముళ్లలో కొన్ని. మా జేజి ఫక్కున నవ్వింది. "అన్నన్ని గింజలు దోవలో పోశాడా! వాడి చేతికి జడ్డిగం ఇచ్చిందెవరు పంతులుగారూ?"

కూటంలో అందరూ నవ్వారు. నేను చదువుకున్న పెద్ద పుస్తకాల్లో ఈ ప్రశ్న లేదు. అక్కడంతా నేలల గురించే ఉంది. ఏ నేల ఏ మనసు అని. విత్తేవాడి దుబారా గింజ విలువ తెలిసిన చేతికే కనబడింది. ఆ ఉపదేశి ఆమెను గద్దించలేదు. కాసేపు ఆలోచించి ఇలా అన్నారు. "నువ్వయితే దోవలో చల్లవు. ఎవరూ చల్లరు. మన పల్లె ఎక్కడుందో చూడమ్మా, ఊరి అవతల రాళ్లలో, ముళ్లలో. ఇక్కడ గింజ పోసినవాడు ఆయనొక్కడే." జేజి ఇంక నవ్వలేదు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు మాట్లాడలేదు.

అన్నట్టు, ఆ ఉపమానంలో చివర ముప్పదంతలు, అరువదంతలు, నూరంతలు అని వస్తుంది కదా. గలిలయ మెట్టల్లో గోధుమకూ బార్లీకీ నూరంతలంటే విన్నవాళ్ల కళ్లు తిరిగి ఉంటాయి. మాకు తిరగలేదు. ఎకరాకు నాలుగు కిలోల జొన్న విత్తి, వాన కలిసొచ్చి ఎనిమిది క్వింటాళ్లు ఇంటికి తెచ్చుకుంటే రెండు వందలంతలు. "నూరేనా?" అని మా చిన్నాయన నిరాశ పడ్డాడు. ప్రసంగం చేసేవాళ్లు ముందు పంట లెక్క తెలుసుకోవాలి.

మా వైపు ఈ విశ్వాసం పుట్టింది కూడా పని జరిగే చోటే. తోళ్ల బేరం మీద ఊళ్లు తిరుగుతూ సువార్త విన్న ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత పదేళ్లకు, పెద్దలు ధాత కరువని చెప్పుకునే 1876-78 కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. పగలు తట్ట, పలుగు, పార. పని ఆగిన వేళ ఉపదేశులు గట్టున కూర్చుని మాట్లాడేవారు. కరువు సాయం నడుస్తున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, బువ్వ కోసం కలిశారన్న మాట రాకూడదని. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది మునిగారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఆ పని చేశారు. క్లౌ నీళ్లలోకి దిగలేదు. అంకె అందరికీ గుర్తుంది. నాకు మాత్రం ఆ కాలువ గట్టే ఎక్కువ గుర్తొస్తుంది. మట్టి తట్ట దించి, చేతులు దులుపుకోకుండానే వాక్యం విన్నవాళ్ల మనవళ్లం, మునిమనవళ్లం మనం. ఆ చేతులకు బొమ్మల పెట్టె అక్కర్లేదు.

గురుగుల ఉపమానం దగ్గర మాకు పెద్ద చిక్కే వచ్చింది. గోధుమల్లో శత్రువు వచ్చి గురుగులు చల్లాడు, పనివాళ్లు పీకుతామన్నారు, యజమాని కోతదాకా ఆగమన్నాడు. గురుగంటే మా పల్లెలో కూర వండుకునే ఆకు. దాన్ని చూసి పైరనుకునేవాళ్లు ఎవరూ లేరు. మూలంలో ఉన్నది అచ్చం గోధుమలాగే పెరిగే గడ్డి. మన వరిలో దానికి సరిజోడు ఊద. డెల్టాకు కలుపుకు పోయే మా ఆడవాళ్లు ఊదను కంటితో కాదు, వేళ్లతో పడతారు. వరికి ఆకు మొదట్లో చిన్న నాలుకలాంటి పొర ఉంటుంది. ఊదకు ఉండదు. వంగిన నడుం ఎత్తకుండా, బొటనవేలితో తడిమి లాగేస్తారు.

అలాంటి ఒకామె నన్ను నిలదీసింది. అప్పటికి నేను ప్రసంగాలు చేయడం మొదలుపెట్టి రెండేళ్లు. "కలుపు తియ్యొద్దంటున్నాడు మీ యజమాని. తియ్యకపోతే మాకు కూలెవరిస్తారయ్యగారూ?" నేను తడబడ్డాను. పక్కనున్న పెద్దావిడ అందుకుంది. "అదికాదే. మొదటి కలుపప్పుడు కాదు ఆయన చెప్పేది. ఊద ఎన్ను తీశాక సంగతి. అప్పుడు పట్టి లాగితే పక్కనున్న దుబ్బు కూడా వేళ్లతో సహా వస్తుంది. అప్పుడు మనమూ లాగం గదా."

ఉపమానంలో ఆ గడ్డి బయటపడింది పైరు గింజ పట్టినప్పుడేనని తర్వాత మత్తయి సువార్త తీసి చూసుకున్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడకు చదువు రాదు. ఆ పూట నుంచీ సంఘంలో ఎవరినైనా వెలివేయాలని పెద్దలు తొందరపడినప్పుడల్లా నాకు ఆ దుబ్బు కళ్లముందుకొస్తుంది.

చేట గురించి ఒక్కమాట చెప్పి దాటుకుంటాను. బాప్తిస్మమిచ్చు యోహాను రాబోయేవాడి చేతిలో ఉందని చెప్పిన పనిముట్టు కళ్లంలో గింజను గాలికెత్తే పార లాంటిది. మన అనువాదకులు దాన్ని చేట చేశారు. పొరపాటో, తెలిసే చేశారో గాని నాకు ఆ చేటంటే ఇష్టం. తూర్పారబట్టేటప్పుడు మగవాళ్లూ పట్టుకుంటారు. ఇంట్లో మాత్రం అది ఆడవాళ్లదే. మెస్సీయ చేతిలో మా అమ్మ చేట.

ఇప్పుడు బావి. సమరయ స్త్రీ కథ మీకందరికీ కంఠస్థం. దాన్ని మనం ఆ స్త్రీ పాపాల కథగా చెబుతాం, అయిదుగురు భర్తల లెక్కతో. మా జేజి ఆ లెక్క దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఆమె చిన్నతనంలో ఊరిబావి దగ్గర మా పల్లెవాళ్లు చేద వేయకూడదు. కడవ దూరంగా పెట్టుకుని కూర్చోవాలి. ఎవరో ఒకరు దయతలచి చేది పైనుంచి పోస్తే పట్టుకోవాలి. ఒక్కోసారి పొద్దు నడినెత్తికి వచ్చేది. ఆమెకు ఆ కథలో కనబడింది ఒక్కటే. యేసు దగ్గర చేద లేదు. బావి లోతు. మిట్టమధ్యాహ్నం.

"ఆయనా మనలాగే పోసేవాళ్ల కోసం కాచుకుని కూర్చున్నాడు" అంది.

దేవుడు మనిషిగా పుట్టాడన్న సంగతి మీద నేను వేదాంత కళాశాలలో రాసిన పరీక్ష పేపర్లన్నీ ఒక పక్క పెడితే, ఈ మాట రెండో పక్క. మంచినీళ్లు అడుక్కునే చోట దేవుణ్ణి కూర్చోబెట్టింది ఆమె. ఆ పక్కన తాను కూర్చుంది కాబట్టి.

ఆమె వంటింట్లో ఒక చిన్న కుండ ఉండేది. ఎసరు కాగేటప్పుడు, బియ్యం కడగకముందే, ఒక పిడికెడు తీసి అందులో వేసేది. వారాంతానికి అది గుడికి. పూట గడవని రోజుల్లో కూడా వేసేది, పిడికిలి కాస్త బిగించి. 1912లో బిషప్పు అయి దోర్నకల్ పల్లెలన్నీ ఎడ్లబండి మీద తిరిగిన అజరయ్యగారు క్రైస్తవ దానం మీద ఒక పుస్తకమే రాశారు. కూలిజనంతో కట్టిన సంఘాల మధ్య బతికిన మనిషి రాసిన పుస్తకం అది. ఇప్పుడు కానుకకు ఫోన్‌పే బోర్డు పెట్టాం. తప్పులేదు. కానీ ఇంట్లో తిండి ఎంతుందో తెలిసిన చెయ్యి ఇచ్చేది అందులో లెక్కకు రాదు.

చివరి సంగతికి వస్తున్నాను. ఇది కొంచెం కటువుగా ఉంటుంది, మన్నించాలి.

కళ్లంలో ఎడ్లను బంతి కట్టి నూర్చే రోజుల్లో వాటి మూతికి చిక్కం వేసేవాళ్లు, తొక్కుతూ తొక్కుతూ కంకి అందుకోకుండా. ద్వితీయోపదేశకాండం ఆ పని చేయొద్దంటుంది. నూర్చే ఎద్దు తింటూ నూర్చాలి. పౌలు ఈ ఆజ్ఞను రెండుచోట్ల ఎత్తుకున్నాడు, సువార్త పనివాడికి జీతం ఇవ్వాలని చెప్పడానికి. ఈ వాక్యం మన పాష్టర్లకు బాగా తెలుసు, జీతాల పెంపు సమావేశంలో తప్పక వినబడుతుంది. యాకోబు పత్రికలోని ఇంకో వాక్యం అంతగా వినబడదు. కోతకోసినవాళ్లకు బిగబట్టిన కూలి అరుస్తోందని, ఆ అరుపు ప్రభువు చెవిన పడిందని. అలాగే ద్రాక్షతోట కూలీల కథ. పొద్దు వాలాక వచ్చినవాడికీ నిండు రోజు కూలి ఇచ్చిన యజమాని. మనం దాన్ని కృప అని చెప్పి ముగిస్తాం. ఒంగోలు అడ్డా మీద పది గంటలకు కూడా పిలుపు రాక మిగిలిపోయిన ముసలాయనకు ఆ కథ చెప్పి చూడండి. నేను చెప్పాను. "మాపటికి ఇంట్లో తినేవాళ్లు ఎందరో ఆయనకు తెలుసన్నమాట" అన్నాడు. దేనారమంటే ఒక రోజు కూలి. ఒక ఇంటికి ఒక రోజు తిండి. అంతకు మించి వ్యాఖ్యానం ఏముంది?

ఒకప్పుడు నేను పనిచేసిన ఒక సంఘంలో గుడి ప్రహరీ కట్టించాం. మట్టి మోసింది మన సంఘస్తులైన ఆడవాళ్లే. కూలి సగమిచ్చి, మిగతా సగం దేవుడి పని అనుకోమన్నాం. అడిగినవాళ్లకు విశ్వాసం చాలదన్నాం. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. చిక్కం వేసింది ఎద్దుకు కాదు.

ఇప్పుడు గొర్రు అటకెక్కింది. జడ్డిగాన్ని పిల్లలు బొమ్మలో చూస్తున్నారు. వరికోత మిషను దిగాక కళ్లం లేదు, తూర్పార లేదు. రూతు ఏరుకున్న పరిగె, మా చిన్నప్పుడు మేం ఏరుకున్న పరిగె, ఇప్పుడు చాలా చేలల్లో ఏరడానికి మిగలడం లేదు. బైబిల్లో సగం మాటలు ఇక అర్థ తాత్పర్యాలతో చెప్పుకోవాల్సిన రోజు వస్తుందని కొందరు పాష్టర్లు బాధపడుతున్నారు. పనిముట్లు పోయినందుకు నాకంత బాధ లేదు. గొర్రు వెంట నడిచిన నడుం నొప్పి నాకు తెలుసు. ఆ పనిముట్లు పట్టిన మనుషులు ఇంకా ఉన్నారు. నాట్ల ముఠాల్లో, ఉపాధి హామీ పనుల్లో, మిర్చి కోతల్లో ఉన్నారు. గుడిలో వెనక వరసలో కూర్చుంటున్నారు. వాక్యం చదివాక వాళ్లకేమనిపించిందో ఒక్క ఆదివారమైనా అడగండి. జవాబు రాసిపెట్టుకోండి. ముసలివాళ్లు పోయేలోగా.

నిర్వాహక సంఘానికి నాదొక విన్నపం. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి నాలాంటి పదవీ విరమణ చేసిన పాష్టరును పిలవొద్దు. ఒక కలుపు ముఠా మేస్త్రమ్మను పిలవండి. మైకు ఆమె ఎత్తుకు దించండి. రానుపోను బస్సు చార్జీలతో పాటు, ఆమె ఆ రోజు పోగొట్టుకునే కూలి ముందుగా చేతికివ్వండి, నిండుగా.