ఆరిపోయాక అంటుకునే మంట

2018 మార్చి 23న కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో టెస్లా మోడల్ ఎక్స్ అనే ఎలక్ట్రిక్ కారు ఒకటి హైవే డివైడర్‌ను గుద్దింది. బ్యాటరీ చీలి మంటలు లేచాయి. ఫైర్ సిబ్బంది ఆర్పారు, కారును యార్డుకు తరలించారు. ఐదు రోజుల తర్వాత అది అక్కడ మళ్లీ అంటుకుంది!

దెబ్బతిన్న బ్యాటరీ సెల్స్‌లో కరెంటు మిగిలే ఉంటుంది. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2020 నివేదికలో హెచ్చరించింది దీని గురించే. ఒక సెల్ వేడెక్కితే పక్కదాన్ని రాజేస్తుంది. బ్యాటరీ పెట్టె చూస్తే కారు అడుగున, గట్టిగా మూసి ఉంటుంది. పైనుంచి కొట్టిన నీళ్లు లోపలికి ఎక్కడ చేరతాయి? అందుకే ఒక్క కారుకే వేల లీటర్లు ఖర్చవుతాయి.

మంట లేకపోయినా చిక్కే. ఇంజిన్ చప్పుడు వినపడదు కాబట్టి కారు ఆగిపోయిందనిపిస్తుంది. యాక్సిలరేటర్ మీద ఏదైనా పడితే మాత్రం ముందుకు దూకొచ్చు. అందుకే సిబ్బంది మొదట చక్రాలకు అడ్డు పెడతారు. తర్వాత కంపెనీ గుర్తు పెట్టిన చోట సన్న వైరు కత్తిరిస్తారు. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం కట్టర్ పోకూడదు, వాటిలో ఉండేది వందల వోల్టులు.

బ్యాటరీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉండొచ్చు. గాలి సిలిండరు, మాస్కు లేకుండా దగ్గరికి వెళ్లకూడదు.

యార్డులో ఇలా దెబ్బతిన్న కారు చుట్టూ 15 మీటర్లు ఖాళీ వదలాలి. లాక్కెళ్లే బండి డ్రైవరుకూ అది మళ్లీ అంటుకోవచ్చని చెప్పి పంపాలి.