చీలమండ విరిగినపుడు

ఏర్పేడు, శ్రీకాళహస్తి ప్రాంతములలో ఎముక విరిగినదనగానే జనులకు స్ఫురించు పేరు పుత్తూరు. కోడిగ్రుడ్డు తెల్లసొన, ఆకుపసరు, వెదురుబద్దలు, గుడ్డపీలికలు - ఈ కట్టు ప్రఖ్యాతి పొరుగు రాష్ట్రముల వరకు ప్రాకినది. దాని మంచిచెడ్డలను తూచుట నా ఉద్దేశము కాదు. కాని చీలమండ దగ్గఱకు వచ్చునప్పటికి ఒక చిక్కు కలదు. అక్కడ దెబ్బతినునది ఎముక యొక్కటే కాదు.

చీలమండ నిర్మాణము వడ్రంగి పనితనమును తలపించును. మోకాలి క్రింది ఎముకలు రెండును దిగువన కలిసి ఒక బెజ్జమువలె ఏర్పడగా, పాదపు పైయెముక అందులో కుసివలె ఇమిడి కదలుచుండును. ఆ ఎముకపై తెల్లని, నున్నని పొర యున్నది. దానినే మృదులాస్థి యందురు. మాంసాహారులు మేక కీలు విడదీసినపుడు ఎముక కొనను మెఱయు పొరను చూచియే యుందురు, అదియే ఇది. చీలమండలో దీని దళసరి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే.

ఎముక విరిగిన నెత్తురు కారును, గడ్డకట్టును, ఆ గడ్డనుండియే క్రొత్త ఎముక పుట్టి అతుకుకొనును. మృదులాస్థికి రక్తనాళములు లేవు. నొప్పిని తెలుపు నరములును లేవు. కీలులోని జిగురునీరే దానికి ఆహారము. అందువలన అది చితికినను, చిట్లినను దానంతటది పూర్వస్థితికి రాదు. ఈ సంగతిని లండనులో విలియం హంటర్ 1743లోనే రాయల్ సొసైటీకి విన్నవించెను. ఇన్నేండ్లకును ఆ మాట పెద్దగా మారలేదు.

ఎక్సురే ఎముకను చూపును గాని ఈ పొరను చూపదు. మఱి ఎందఱికి ఇది దెబ్బతినుచున్నది? స్విట్జర్లాండుకు చెందిన హింటర్‌మన్ అను శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు 288 మంది విరిగిన చీలమండలలోనికి సన్నని దర్శినిగొట్టము చొప్పించి చూచి, నూటికి 79 మందిలో మృదులాస్థి గాయపడినదని 2000లో ప్రకటించిరి. వారిలో 109 మందిని సుమారు 13 ఏండ్ల పిమ్మట మరల పరీక్షింపగా, తొలినాటి గాయము లోతుగా నున్నవారిలో కీలు అరుగుదల ఎక్కువగా కనిపించినది.

ఎముక అతుకుకొన్నను కుసి పక్కకు జరిగియున్నచో మఱియొక కీడు. రామ్సే, హామిల్టన్ 1976లో కొలిచి చూడగా, ఒక్క మిల్లీమీటరు జరిగినంతనే ఎముకలు ఆనుకొను వైశాల్యము సగటున 42 శాతము తగ్గినది. బరువంతయు మిగిలిన కొద్ది చోటనే పడును.

కావున విరిగిన చీలమండను పిసుకరాదు, దానిపై బరువు మోపరాదు. కట్టు ఎక్కడ కట్టించుకొనదలచినను, ముందుగా ఎక్సురే తీయించి, కుసి బెజ్జములో సరిగా నున్నదో లేదో ఎముకల వైద్యునికి చూపించుకొనవలెను. అందులకు దూరము పోనక్కఱలేదు. తిరుపతిలోనే దేవస్థానము వారి బర్డ్ ఆసుపత్రి కలదు.

ఎముక అతికి నెలలు గడచినను వాపు తగ్గకున్న, కీలు పట్టివేయుచున్న, అలిపిరి మెట్లు దిగునపుడు లోపల పొడిచినట్లున్న, చలిగాలి నొప్పిలే యని తైలము రాచుచు కూర్చుండరాదు. ఎం.ఆర్.ఐ. చిత్రములో ఆ పొర కనిపించును. చిన్న గాయమైనచో అడుగు ఎముకకు సన్నని రంధ్రములు చేసి నెత్తురు పైకి రప్పింతురు. అక్కడ నారపొర యొకటి పెరుగును. అది అసలు పొరంత గట్టిది కాదు. అయినను నడకకు కొంత ఆసరా యగును.