వైఫై పెట్టె యొక్కటి చాలునా?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



మేము ఏ గ్రామమునకు పోయినను వినుచున్న ప్రశ్న యొకటి కలదు. "కార్యాలయములో వైఫై పెట్టితిమి. మామూలు దినములలో బాగుగనే నడచును. బడులు తెరచు వేళ ధ్రువపత్రములకై నలువదిమంది చేరగానే ఆగిపోవుచున్నది. ఇంతకంటె బలమైన పెట్టె కొనవలెనా?" కొనుటకు ముందు అది పనిచేయు తీరు తెలిసికొనుట మేలు. ఖర్చగునది గ్రామము సొమ్ము గదా!

వైఫై కూడ రేడియోయే. ఒక పెట్టె క్రిందనున్న ఫోనులన్నియు ఒకే తరంగమార్గమును పంచుకొనవలెను. గ్రామసభను తలచుకొనుడు. ప్రతి ఫోనును ముందుగా చెవియొగ్గి వినును. ఎవరును మాటలాడకున్నచో రవంత ఆగి తన మాట చెప్పును. ఇద్దరొకేసారి నోరు తెరచినచో రెండు మాటలును చెడును. అపుడు ఎవరి మట్టుకు వారు కొంత ఆగి మరల ప్రయత్నింతురు. మాటలు ఢీకొన్నచో ఆగి మరల పంపు పద్ధతిని హవాయి విశ్వవిద్యాలయమువారు 1971లోనే, దీవుల నడుమ కంప్యూటర్లను రేడియోతో కలిపి, ఆచరణలో పెట్టిరి. వైఫైకి మొదటి ప్రమాణము 1997లో వెలువడినది. క్రొత్త పెట్టెలు ఒకేసారి కొందరితో మాటలాడగలవు గాని, పంచుకొనుట మాత్రము తప్పలేదు.

కావున జనము పెరిగిన కొలది మాటకంటె నిరీక్షణమే హెచ్చగును. దూరముననున్న ఫోను మరింత మెల్లగా మాటలాడును. అంతసేపును దగ్గరివారు ఆగవలసినదే. రచ్చబండపై కూర్చుండి సినిమా చూచు నొక్క యువకుని వలన లోపల దరఖాస్తు నిలిచిపోవచ్చును.

ఇక బలమైన పెట్టె మాట. ప్రచారశాఖవారము గనుక మాకు మైకు పోలికయే తోచును. మన మైకు పొరుగూరికి వినబడును. పొరుగూరివాని జవాబు మనకు వినబడునా? పెట్టె కేకవేసినను ఫోను గొంతు పెరుగదు. పైగా ఆ కేక ప్రక్క పెట్టెలకు అడ్డము. లైసెన్సు అక్కరలేకున్నను, ప్రసారశక్తికి చట్టము హద్దు విధించినది.

సభ పెద్దదైనపుడు దానిని గదులుగా పంచవలెను. గదికొక చిన్న పెట్టె, తక్కువ శక్తితో, వేర్వేరు చానళ్లపై నడుపవలెను. 2.4 గిగాహెర్ట్జు బ్యాండులో ఒకదానికొకటి తగులని చానళ్లు మూడే: 1, 6, 11. 5 గిగాహెర్ట్జు బ్యాండులో అవి హెచ్చు. దాని తరంగములు గోడలను అంతగా దాటలేవు. ఇచట అది గుణమే, ఏ గది సందడి ఆ గదిలోనే యుండును. పెట్టెలను మాత్రము తీగతోనే కలుపుడు. తీగ లేక ఒకదాని మాట మరియొకటి తిరిగి చెప్పు పెట్టెలు కలవు. ఒకే చానలుపై ప్రతి మాటయు రెండుమారులు చెప్పవలసివచ్చుటచే వాటి వేగము ఇంచుమించు సగమగును. తీగలేని వ్యవస్థకు తీగయే ప్రాణమనిన మీరు నవ్వవచ్చును! అన్నట్లు, పెట్టెను ఇనుపబీరువా చాటున దాచకుడు. గోడపై ఎత్తుగా నుంచుడు.

మరియొక సంగతి. ట్యాంకులో నీరు తక్కువైనచో కుళాయిలు పెంచి లాభమేమి? బయటినుండి వచ్చు ఫైబరు తీగ యెంత తెచ్చునో, పెట్టెలన్నియు దానినే పంచుకొనవలెను. కావున రద్దీవేళ ఒక కంప్యూటరును తీగతో నేరుగా కలిపి వేగము చూడుడు. అపుడును మందమైనచో లోపము బయటి తీగలోనో, అది తెచ్చు వేగము చాలకపోవుటలోనో కలదు. కనెక్షను ఇచ్చినవారికి వ్రాయుడు. తీగపై చురుకుగా నుండి ఫోనులలో మాత్రమే మందమైనచో పెట్టెల సంఖ్యయు, చోటును విచారింపుడు. ఈ పరీక్షాఫలితమును సమావేశపు మినిట్సులో వ్రాయించిన పిమ్మటనే కొనుగోలు తీర్మానము చేపట్టుడు.