ఖాళీ స్లాటుకూ ఒక నంబరు

జంషెడ్‌పూర్‌లో గోల్‌మురి అనే పేట ఉంది. 1920లో ఏర్పడిన టిన్‌ప్లేట్ కంపెనీ వల్ల దానికి పేరు వచ్చింది. ఆ ఊరి కర్మాగారాల్లో పనికి వెళ్లి స్థిరపడిన తెలుగువారు చాలామందే. కంపెనీ క్వార్టర్లో మనిషి మారినా తలుపుమీద నంబరు మారదు. ఇల్లు ఖాళీగా ఉన్నా రిజిస్టరులో ఉంటుంది.

కంప్యూటర్‌లో కార్డులు అమర్చే స్లాట్లదీ ఇదే పద్ధతి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ కెర్నెల్. అది ప్రతి పీసీఐ కార్డునూ బస్ నంబరు, డివైస్ నంబరులతో గుర్తిస్తుంది. అయితే కొత్త కార్డు పెట్టి యంత్రాన్ని మళ్లీ ప్రారంభిస్తే బస్ నంబర్లు మారిపోవచ్చు. మరి పెట్టెమీద రాసిన స్లాటు ఏది?

పెద్ద సర్వర్లలో యంత్రం నడుస్తుండగానే పాడైన కార్డును తీయవచ్చు. పొరపాటున పక్కదాన్ని తీస్తే పనిచేస్తున్న సేవ ఆగిపోతుంది!

అందుకే స్లాటు నంబరును ఫర్మ్‌వేర్ గానీ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ పోర్టులోని 13 బిట్ల గడి గానీ చెబుతుంది. లినక్స్ కెర్నెల్ ఆ నంబరు పేరుతో ఒక ఫోల్డరు తెరిచి, అందులో బస్, డివైస్ చిరునామా రాస్తుంది. స్లాటు ఖాళీగా ఉన్నా సరే. రెండు స్లాట్లకు ‘1’ అనే పేరే వస్తే రెండోది ‘1-1’ అవుతుంది.

2008కి ముందు లినక్స్‌లో ఈ నమోదు హాట్‌ప్లగ్ డ్రైవర్ల పని. ఆ ఏడాది వచ్చిన 2.6.27 కెర్నెల్ స్లాటుకే సొంత గుర్తింపు ఇచ్చింది.

కొన్ని కంప్యూటర్లలో ఈ జాబితా ఖాళీగా కనిపిస్తుంది. తలుపుమీద నంబరు వేయనిదే రిజిస్టరులో ఏం రాస్తారు, చెప్పండి?