మన నవ్వు ఎవరి మీద?

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా!

సలాం చెప్పేటప్పుడు, బేరం కుదిరినప్పుడు, దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు మనం నవ్వుతూ ఉంటాము. ఈ నవ్వులలో చాలావాటికి హాస్యం కారణం కాదు. 'నా వల్ల నీకు భయం లేదు, నీవు నావాడవు' అని ఎదుటివానికి తెలపడానికే నవ్వుతాము. అందుకే సోదరుని చూసి చిరునవ్వు నవ్వడం కూడా దానమేనని దైవప్రవక్త (స) బోధించారు (తిర్మిజీ). చేతిలో పైసా లేనివాడు సైతం ఇవ్వగల దానమిది.

ఆయన (స) పరిహాసమాడేవారు కూడా. ఒక వ్యక్తి ఎక్కి వెళ్ళడానికి వాహనం అడిగితే, ఆడ ఒంటె పిల్లను ఇస్తామన్నారు. పిల్లతో ఏం చేయగలనని అతడు తికమకపడ్డాడు. ఏ ఒంటె అయినా ఆడ ఒంటె పిల్లే కదా అని ఆయన బదులిచ్చారు (అబూ దావూద్, తిర్మిజీ). ఆ పరిహాసంలో అబద్ధం లేదు, అవమానం లేదు.

అయితే దగ్గర చేసే నవ్వే దూరమూ చేస్తుంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) మిస్వాక్ పుల్లలు కోస్తుండగా ఆయన సన్నని కాళ్ళను చూసి కొందరు నవ్వారు. ప్రవక్త (స) కారణమడిగి, తీర్పుదినాన త్రాసులో ఆ కాళ్ళు ఉహుద్ కొండకన్నా బరువైనవని ప్రకటించారు (అహ్మద్).

ఇప్పుడు మనల్ని మనం చూసుకుందాం. ఉర్దూ సరిగా రాని సోదరుణ్ణి, ఖుర్ఆన్ అక్షరాలు పలకలేక తడబడే పెద్దాయనను చూసి మస్జిదు మెట్ల మీదే మనం నవ్వలేదా? అతడూ మనతోపాటు నవ్వి ఉంటాడు. అది సంతోషం కాదు, సిగ్గును కప్పుకునే తెర. మరుసటి వారం అతడు చివరి సఫ్‌లో నిలబడతాడు. ఆ తర్వాత రావడమే మానవచ్చు. కష్టపడుతూ తడబడుతూ ఖుర్ఆన్ పఠించేవానికి రెండింతల పుణ్యమని హదీసు చెబుతోంది (బుఖారీ, ముస్లిం). మనం నవ్వినది ఆ పుణ్యాత్ముని మీద!

'తమాషాకు అన్నాము' అనే సాకు చెల్లదు. ఎగతాళికి గురైనవారే ఎగతాళి చేసినవారికన్నా ఉత్తములు కావచ్చునని అల్ హుజురాత్ సూరా 11వ ఆయత్ హెచ్చరిస్తోంది. పురుషులనూ స్త్రీలనూ అది వేర్వేరుగా హెచ్చరించింది. కనుక ఎవరికీ మినహాయింపు లేదు.

సోదరులారా! మన నవ్వు వల్ల నొచ్చుకున్నవారు ఎవరైనా గుర్తుకు వస్తే, నమాజు ముగియగానే వెళ్ళి క్షమాపణ అడుగుదాం. చిరునవ్వుతో సలాం చెప్పి, మన పక్కనే చోటిద్దాం.

అల్లాహ్ మన నాలుకలనూ నవ్వులనూ పరిశుద్ధపరచుగాక! ఆమీన్.