బీరువాలో నిలిచిన లెక్క

 

ఇంజనీరింగు కళాశాలలలో నేడు డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగు అను పాఠమును పట్టపరీక్షకు బోధించుచున్నారు. పేరు బెదరించునదియే గాని విషయము సుబోధకము. టెలిఫోనులో పలికిన మాటను సెకనుకు 8,000 పర్యాయములు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా పంపెదరు. ఆవలికొసను ఆ అంకెలే మరల మాటయగును. సెకనుకు 4,000 కంపనములకు లోపడిన ధ్వని ఇట్లు తిరిగి లభించును. అంతకు మించినదానిని ముందే వడగట్టవలెను. లేనిచో అది వేరొక ధ్వనిగా వేషము మార్చుకొని వచ్చి వినువానిని మోసగించును.

ఏ కంపనమెంత కలదో ఆ అంకెలనుండి విడదీయుటయే ఈ పాఠమునకు గుండెకాయ. 1,024 కొలతలున్నచో మామూలు పద్ధతిని పదిలక్షలకు పైగా గుణకారములు చేయవలెను. 1965లో అమెరికాలో జేమ్స్ కూలీ (ఇది ఇంటిపేరే సుమా!), జాన్ ట్యూకీ ప్రకటించిన ఉపాయముతో, కొలతలను సరి బేసులుగా చీల్చుచు పోయినచో, ఇంచుమించు 5,000 చాలును. భూగర్భమున జరుపు అణుపరీక్షలను భూకంపమాపకములతో కనిపెట్టవలెనను ఆతురత ఆ కృషికి ఒక ప్రేరణము.

విచిత్రమేమన, జర్మను గణితవేత్త గౌస్ 1805 ప్రాంతముననే చిన్న గ్రహముల కక్ష్యలను లెక్కించుచు ఈ ఉపాయమును వ్రాసియుంచెను. ఆయన మరణానంతరము, 1866లో, అది లాటిను భాషలోనే అచ్చయి గ్రంథాలయములకెక్కెను. ఆ పుటల విలువ గుర్తించినవారు అరుదు. 1984లో హైడెమన్, జాన్సన్, బరస్ అనువారు దానిని శ్రద్ధగా చదివి, ఉపాయమిదియేయని లోకమునకు చూపిరి. నడుమ 1942లో డానియల్సన్, లాంచోస్ అనువారు ఆ మార్గమునే వేరుగా కనుగొని, 64 సంఖ్యల లెక్క చేతితో చేయుటకు 140 నిముషములు పట్టునని వ్రాసిరి. అదియు పత్రికలో అచ్చయి, అట్లే మరుగున పడియుండెను.