శరత్కాలపు పంచపానకము

వర్షములు వెనుకబట్టి, ఆకాశము తేటపడి, చెరువులలో నీరు నిలుకడగొను కాలము శరదృతువు. మన తెలంగాణమున ఈ ఋతువు పూలతో అడుగిడును. తంగేడు, గునుగు పూలను పేర్చి తొమ్మిది దినములు బతుకమ్మనాడుట, సద్దుల బతుకమ్మనాడు సిద్దిపేట స్త్రీలు కోమటిచెరువు గట్టున చేరుట, ఆ వెంటనే దసరా, పాలపిట్ట దర్శనము, జమ్మి పంచుకొనుట, ఇంటింట చుట్టముల సందడి - ఇదియే మన శరత్తు. సిద్దిపేటకు ఈ పండుగతో మరియొక బంధము గలదు. 2016 అక్టోబరు 11న, సరిగా విజయదశమినాడే, సిద్దిపేట ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది.

సోదరీమణులారా, పండుగనాటి వంటలను గురించి మీకు చెప్పవలసినదేమియు లేదు. నువ్వుల సద్ది, పల్లీల సద్ది, మలీద, గారెలు మీకు కొట్టినపిండి. కాని చుట్టము గడప దాటి వచ్చి కూర్చుండగానే చేతికందించు పానీయము విషయమున మాత్రము మనమంత శ్రద్ధ వహించుట లేదు. పిల్లలకును, ఆడవారికిని అంగడినుండి తెచ్చిన రంగునీళ్ల సీసాలు. మగవారికి డాబామీదనో, వెనుకగదిలోనో వేరొక సీసా. ఒకే ఇంట రెండు పండుగలు జరుగుచున్నవి. ఆ రెండవ పండుగకు పిలుపు వచ్చినపుడు 'నాకు వద్దు' అన్న అతిథిని నలుగురు చేరి బలవంతపెట్టుటయు, పరిహసించుటయు మనమెరుగనిది కాదు. త్రాగుడు మానుకొని ఏడాదియైన మనిషి ఆ ఒక్క పూట మరల మొదలిడుటయు ఎరుగుదుము. కనుక నేటి ప్రసంగమున చెప్పబోవునది ఒక పానకము చేయు పద్ధతియే అయినను, అతిథిమర్యాద యనగానేమి అను ప్రశ్నయు అందిమిడి యున్నది.

ఆ పానకమునకు ఆంగ్లేయులు 'పంచ్' అని పేరిడిరి. ఆ మాట మన 'పంచ' శబ్దమునుండి పుట్టినదని పెక్కుమంది అభిప్రాయము. సారా, నిమ్మరసము, చక్కెర, నీరు, సుగంధద్రవ్యము అను ఐదింటి కలయిక గనుక అది పంచ్ అయినదందురు. వేరుగా తలచువారును లేకపోలేదు. కాని ఒక్క సంగతి మాత్రము మన తెలుగువారికి ఆసక్తి గొలుపును. ఈస్టిండియా కంపెనీవారి గ్లోబ్ అను నౌక 1611లో మన తీరమునకు వచ్చి నిజాంపట్నమున ఆగి, పిదప మచిలీపట్నము చేరినది. ఆ నిజాంపట్నమునే వారు పెటపోలి అని వ్రాసెడివారు. పంచ్ అను మాట మనకు దొరకిన వ్రాతలలో మొట్టమొదట కనబడునది 1632లో అక్కడి ఆంగ్ల వర్తకునికి అతని మిత్రుడు వ్రాసిన లేఖయందే. అనగా నేడు లోకమంతట విందులలో నడుమ బల్లపై వెలయు ఈ పానీయపు తొలి జాడ మన తెలుగు తీరమునకు సంబంధించినది.

ఆంగ్లేయులు రాకపూర్వము మనకు ఇట్టివి లేవని తలపరాదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఋతుచర్య చెప్పుచు, గ్రీష్మమున మట్టిపాత్రయందుంచిన 'పంచసారము' అను పానకమును త్రాగవలెననెను. ద్రాక్ష, ఇప్ప, ఖర్జూరము, గుమ్ముడు, ఫరూషకము అను ఐదింటితో చేయునది అని వ్యాఖ్యాతలు దానిని వివరించిరి. ఆ గ్రంథముననే శరదృతువున పిత్తము ప్రకోపించునని చెప్పి, ఈ కాలమున తీక్ష్ణమైన మద్యమును విడువుమనియు హెచ్చరించెను. పగలు ఎండ, రాత్రి మంచు గల ఈ దినములలో ఘాటైన సారా దేహమునకు హితము కాదని పెద్దలు ఏనాడో గ్రహించిరన్నమాట.

ఇక పండ్ల సంగతి. ఈ ఋతువున మనకు బత్తాయి, జామ, దానిమ్మ, సీతాఫలము పుష్కలము. కాశ్మీరము, హిమాచలములనుండి ఆపిలు పండ్లును ఈ దినములలోనే దిగును. ద్రాక్షకు మాత్రము ఇది కాలము కాదు. మన ప్రాంతమున ద్రాక్షపంట వేసవి మొదటి దినములది. కనుక శరత్తున ద్రాక్షరుచి కావలెనన్న ఎండుద్రాక్షను ఆశ్రయింపవలెను, లేదా వైనును. సిద్దిపేట జిల్లా ములుగులోనే కొండా లక్ష్మణ్ పేరిట ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసియున్నది. పండ్లతోటలు మనకు దూరపు ముచ్చట కాదు.

సీతాఫలమును మాత్రము ఈ పానకమున కలుపవలదు. దాని తీపి మెత్తనిది, పులుపుతో పొసగదు, వేడిచేసినచో చేదెక్కును. దాని గింజలు విషకరములు. పొడి కంటబడిన కన్నునకు కీడు. గుజ్జుతోబాటు గింజలను మిక్సీలో వేయుట ప్రమాదము. సీతాఫలమును పండుగానే పళ్లెమున నిలిపి, పానకము ప్రక్కన అందించుట మేలు.

పన్నెండుమందికి కావలసిన కొలతలు చెప్పెదను. బత్తాయిలు 12, దానిమ్మలు పెద్దవి 4, నిమ్మకాయలు 3, జామపండ్లు దోరవి 2, ఆపిలు 2, నల్ల ఎండుద్రాక్ష 100 గ్రాములు, బెల్లము 150 గ్రాములు, దాల్చినచెక్క రెండంగుళముల ముక్క, లవంగములు 6, ఏలకులు 4, బొటనవ్రేలంత అల్లము, చిటికెడు ఉప్పు, గుప్పెడు పుదీన. కాచి చల్లార్చిన నీరు మూడు గ్లాసులు. గ్లాసనగా 200 మిల్లీలీటర్లు.

పని రెండు భాగములు. మొదటిది ముందునాటి రాత్రి చేయదగినది. ఎండుద్రాక్షను కడిగి ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో నానవేయుడు. బెల్లమును గ్లాసున్నర నీటిలో కరగించి, వడగట్టి, ఇసుక తీసివేసి, దంచిన అల్లము, దాల్చినచెక్క, లవంగములు, ఏలకులు వేసి సన్నని సెగపై పది నిమిషములు మరగనిండు. మూతపెట్టి చల్లార్చి, మరల వడగట్టి ఫ్రిజ్‌లో నుంచుడు. స్టీలు గిన్నెలో కాచిన నీరు పోసి, ఒకే పెద్ద మంచుగడ్డగా గడ్డకట్టించుడు. చిన్న ముక్కలు త్వరగా కరగి పానకమును పలుచన చేయును. పెద్ద గడ్డ నెమ్మదిగా కరగును. బజారు మంచు ఏ నీటితో చేసినదో తెలియదు గనుక దానిని పానకమున వేయవలదు.

రెండవ భాగము అతిథులు వచ్చుటకు గంట ముందటిది. నానిన ద్రాక్షను ఆ నీటితోనే రుబ్బి వడగట్టుడు. దానిమ్మ గింజలను మిక్సీలో ఒకటి రెండు మార్లు మాత్రము త్రిప్పి, పలుచని బట్టలో పిండుడు. ఎక్కువసేపు త్రిప్పినచో లోపలి విత్తు నలిగి వగరు దిగును. బత్తాయిని అన్నిటికంటె చివర పిండవలెను. ఇందులకు కారణమున్నది. బత్తాయి రసము పిండినపుడు తియ్యగానుండి, కొంతసేపు నిలువయున్న పిదప చేదగును. పండులోని ఒక పదార్థము రసపు పులుపుతో కలిసి క్రమముగా లిమోనిన్ అను చేదు పదార్థముగా మారుటయే దీనికి మూలము. గింజలను, తెల్లని లోతొక్కను నలిపినకొలది చేదు హెచ్చును. కాబట్టి తొనలను మిక్సీలో వేయక, పండును అడ్డముగా కోసి, చేతిమరతో మెల్లగా పిండుడు. పన్నెండు కాయలకు సుమారు లీటరు రసము వచ్చును.

ఇపుడు పెద్ద పాత్రలో బత్తాయి రసము, దానిమ్మ రసము, ద్రాక్షనీరు, బెల్లపు కషాయము, నిమ్మరసము, ఉప్పు, చల్లని నీరు కలుపుడు. జామ, ఆపిలు సన్నగా తరిగి, నల్లబడకుండ కాస్త నిమ్మరసము చిలుకరించి అందు వేయుడు. రుచి చూచి, బెల్లపు కషాయమును ఒక్కసారిగా గాక కొంచెము కొంచెముగా సవరించుకొనుడు. బత్తాయిల తీపి ఏడాది కొకరీతి నుండును. మంచుగడ్డ, పుదీన పైన. రెండున్నర లీటర్ల పానకము సిద్ధము. పులుపు, తీపి, నీరు, సుగంధము - నాలుగు. సారాకు మారుగా పండ్ల రసము ఐదవది. పంచ అను పేరునకు లోటు రాలేదు.

పాత్ర విషయమున జాగ్రత్త. పులుపు తగిలిన ఇత్తడి, రాగి చిలుమెక్కును. కళాయి లేని పాత్రలో పోయవలదు. స్టీలు, గాజు, పింగాణి మంచివి. రాత్రియంతయు నీరుపోసి నానబెట్టిన క్రొత్త కుండ అన్నిటికంటె శ్రేష్ఠము. చల్లదనమునకు చల్లదనము, కమ్మని మట్టివాసన అదనము. పండ్లముక్కలున్న పానకమును ఫ్రిజ్ వెలుపల రెండు గంటలకు మించి నిలుపవలదు. మిగిలినది మరునాటికని దాచవలదు.

ఇక వైను సంగతి. దాచుట కంటె చెప్పుటయే మేలు. మన ఊళ్లలో 'వైన్స్' అను బోర్డు గల దుకాణములన్నిటను ముందు కనబడునవి విస్కీ, బీరు సీసాలే. వైననగా ద్రాక్షరసమును పులియబెట్టినది. దానిలో మద్యసారము సాధారణముగా నూటికి 11 మొదలు 14 పాళ్లు. మన విస్కీలో దాదాపు 43 పాళ్లు. ఈ పానకమునకు తగినది తీపి తక్కువైన ఎఱ్ఱ వైను. లీటరు పానకమును వేరొక జాడీలోనికి తీసి, అందు సగము సీసా, అనగా 375 మిల్లీలీటర్ల వైను కలుపుడు. మద్యసారము నూటికి మూడు పాళ్లకు కాస్త మించును, బీరుకంటె తక్కువ. కల్లును మాత్రము కలుపవలదు. అది పాత్రలో కూడ పులియుచునే యుండి, గంటలో పానకమును పాడుచేయును. ఇంట వైను చేయుటకు పూనుకొనుటయు వలదు. అనుమతి లేక మద్యము తయారుచేయుట చట్టవిరుద్ధము.

ఈ వైను జాడీకి కొన్ని నియమములు తప్పవు. మొదటిది: నడుమనుండు పెద్ద పాత్రలో వైను చుక్కయైన పడరాదు. జాడీ వేరు, గరిటె వేరు, గ్లాసుల రంగు వేరు. రెండవది: ఏది ఏమిటో అతిథికి నోటితో చెప్పి ఇయ్యవలెను. తీపి, సుగంధము మద్యపు ఘాటును కప్పివేయును గనుక, తెలియక త్రాగువారు తెలియకయే ఎక్కువ త్రాగుదురు. తెలియనీయక పోయుట వేడుక కాదు, ద్రోహము. మూడవది: 21 ఏండ్లు నిండనివారికి తెలంగాణమున మద్యమిచ్చుట చట్టము ఒప్పదు. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు, మందులు వాడువారికి, బండి నడుపవలసినవారికి పెద్ద పాత్రలోనిదే. నాలుగవది: 'వద్దు' అన్నవారిని రెండవమారు అడుగరాదు, ఎందుకని ప్రశ్నింపరాదు. జమ్మి ఇచ్చుటకు వచ్చువారిలో మతధర్మముచే మద్యము ముట్టనివారుందురు, వ్రతము పట్టినవారుందురు, ఎంతో కష్టపడి త్రాగుడు మానుకొన్నవారుందురు. వారి కారణము వారి సొత్తు.

కొలత తగ్గించినంతమాత్రమున మద్యము ఔషధమైపోదు. ఏ మోతాదునను మద్యము ఆరోగ్యమునకు సురక్షితము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టముగా ప్రకటించినది. అందుచేతనే వైను లేని పానకమునే ముందు చెప్పితిని. అది తనంత తాను పూర్ణమైనది. 2025లో విజయదశమియు గాంధీజయంతియు ఒకేనాడు, అక్టోబరు 2న, వచ్చినవి. గాంధీజయంతినాడు మద్యపు దుకాణములు మూసియుండును. వైను లేక రుచింపని పానకమైనచో అట్టి పండుగనాడు మన అతిథిమర్యాద ఏమి కావలెను?

మధుమేహమున్నవారి సంగతియు మరువరాదు. పండ్లరసమైనను అందున్నది చక్కెరయే. వారికొరకు బెల్లము వేయకముందే కొంత సుగంధ కషాయమును వేరుగా కాచి, నిమ్మరసము, ఉప్పు, పుదీన, చల్లని నీరు చేర్చి, నాలుగు జామముక్కలు వేసి అదే రంగుగ్లాసులో ఇండు. చూపునకు అందరిదియు ఒకటే. విందులో తానొక్కడే వేరని ఎవరికి తోచరాదు.

ఖర్చు లెక్కించినను ఇది భారము కాదు. ముప్పాతిక పని ముందునాటి రాత్రియే తీరును గనుక, ఇంటి ఇల్లాలు పండుగపూట వంటింట చిక్కుకొనక తానును నలుగురితో కూర్చుండి ముచ్చటింపగలదు. పెద్ద పాత్ర హాలు నడుమ నుండినచో తాతయు, మనుమరాలును, ఇంటికి వచ్చిన అల్లుడును, ప్రక్కింటి పెద్దమనిషియు దానిచుట్టే చేరుదురు. డాబామీది పండుగ క్రిందికి దిగివచ్చును. జమ్మి ఆకును బంగారమని చేతిలోనిడి పెద్దలకు మ్రొక్కుట మన ఆచారము. ఆకును బంగారము చేయునది ఇచ్చువారి మనస్సు. గ్లాసెడు పానకమునకును ఆ సూత్రమే వర్తించును.